నోరు తెరిచిన జింక

మా మారేడ్‌పల్లి ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు ముందు చూసేది నన్నో మా వారినో కాదు, హాల్లో గోడ మీదున్న కృష్ణజింక తలని. మెలితిరిగిన కొమ్ములు, కళ్ళచుట్టూ తెల్లటి వలయాలు, తెల్లటి గడ్డం. "మిగతా జింక గోడవతల ఉందా ఆంటీ?" అని పిల్లలు అడుగుతుంటారు. మా అబ్బాయి చిన్నప్పుడు నిజంగానే పక్కింట్లోకి వెళ్ళి చూసొచ్చాడు.

దాన్ని కొట్టింది మా మావయ్యగారి నాన్నగారు. అప్పట్లో మహబూబ్‌నగర్ వైపు కృష్ణ ఒడ్డు చేలల్లో ఇవి మందలు మందలుగా తిరిగేవట. తోలుకి ఉప్పు పట్టించి, కొమ్ములతో సహా పెట్టెలో పెట్టి రైల్లో మైసూరు పంపారు. అక్కడ వాన్ ఇంగెన్ అని పెద్ద కంపెనీ. రాజులు, దొరలు కొట్టిన పులులూ చిరుతలే 40 వేలకు పైగా వాళ్ళ చేతిలో బొమ్మలయ్యాయి. 1990ల చివర్లో అదీ మూతపడింది. మా జింక వెనక చెక్క మీద వాళ్ళ చీటీ ఇప్పటికీ ఉంది.

నాకు ఇది ఎప్పుడూ నచ్చలేదు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు దాని కళ్ళకేసి చూస్తూ అన్నం తినలేకపోయేదాన్ని. గాజుకళ్ళని తెలుసు, అయినా సరే. తర్వాత అలవాటైపోయింది. పండక్కి దుమ్ము దులపాల్సిన సామానులో అదొకటి, అంతే.

రెండేళ్ళ కిందట హాల్లో ఏసీ పెట్టించాం. మెకానిక్ చూపించిన చోటు సరిగ్గా జింక ఎదురుగా. ఆ వేసవి దాటేసరికి కింది పెదవి కుడివైపు కొంచెం ఎడం అయింది. ఏడాది తిరిగేసరికి నోరు తెరుచుకుంది. లోపల పసుపుపచ్చగా, ఎండిపోయిన బంకలాంటిదేదో కనిపించేది. నేనే ఓ ఆదివారం గమ్ము రాసి, బట్టల క్లిప్పు పెట్టి చూశాను. క్లిప్పు తీయగానే గమ్ముతోపాటు నాలుగు వెంట్రుకలు ఊడొచ్చాయి. ఆ నాలుగు వెంట్రుకల సంగతి మా వారికి ఇవాళే, ఇది చదివాకే తెలుస్తుంది.

ఇంతలో కిందటి మాఘమాసంలో మావయ్యగారు పోయారు. రాత్రి నిద్రలోనే. తెల్లారి అత్తమ్మ కాఫీ తీసుకెళ్ళి లేపబోతే తెలిసింది. నోరు తెరిచి ఉంది. పక్కింటి పెద్దావిడ వచ్చి గడ్డం కిందనుంచి నెత్తి మీదకి తెల్లగుడ్డతో కట్టు కట్టింది గానీ, అప్పటికే ఆలస్యమైంది. దవడ బిగిసిపోయింది. నోరు పూర్తిగా మూతపడలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరి ముందూ ఆయన అలాగే ఉన్నారు. జీవితమంతా గట్టిగా నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి.

పదకొండో రోజు అయిపోయాక అత్తమ్మ హాల్లో కూర్చోవడం మానేశారు. టీవీ సీరియల్ కూడా వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, సగం గోడకేసి తిరిగి చూసేవారు. బెంగ అనుకున్నాం. ఓరోజు చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, తలెత్తకుండా అన్నారు. "ఆ నోరు మూపించు బిడ్డా. నేను సూడలేకపోతున్న."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో పని ఆగిపోయింది.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్దాయన దొరికారు. ఒకప్పుడు మ్యూజియంలో ఇలాంటి బొమ్మలు చూసుకునే పని చేసి రిటైరయ్యారు. రాగానే మాస్కు పెట్టుకుని, గ్లౌజులు తొడుక్కుని, నన్ను మొదట అడిగిన మాట, "దీన్ని దేంతో తుడుస్తారమ్మా?" ఇల్లంతా తుడిచే గుడ్డతోనే అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. పాతరోజుల్లో పురుగు పట్టకుండా తోలు లోపల ఆర్సెనిక్ పూసేవారట. పాత జంతువు తల ఏదైనా సరే, అందులో విషముందనే అనుకోవాలట. మెత్తటి బ్రష్షుతో, మాస్కు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి మాత్రమే దుమ్ము తీయాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మీ ఇళ్ళలోనూ ఇలాంటివుంటే దయచేసి గుర్తుపెట్టుకోండి. ఇరవై ఏళ్ళుగా అదే గుడ్డతో డైనింగ్ టేబుల్ కూడా తుడిచిన మనిషిని చెబుతున్నాను.

తర్వాత పెదవి సంగతి. జింక తల చేసేటప్పుడు అన్నింటికన్నా మొండిది నోరేనట. తోలు వలిచేటప్పుడు పెదవిని చిగురు దగ్గర, లోపలివైపు కొయ్యాలి. పెదవి లోపలి తోలు కాస్త మిగిలేలా. తర్వాత లోపలితోలునీ బయటితోలునీ విడదీసి, మధ్యలో కండ గోకేసి పల్చగా చెయ్యాలి. కింద ఉండే బొమ్మకి నోటిగీత వెంట సన్నటి గాడి ఉంటుంది. మిగిల్చిన లోపలితోలుని బంక పూసి ఆ గాడిలోకి చదును పుల్లతో దూర్చాలి. ఆరేకొద్దీ తోలు ముడుచుకుంటుంది కాబట్టి గుండుసూదులు గుచ్చి, రోజూ చూసుకుంటూ, బయటికొచ్చినచోటల్లా మళ్ళీ లోపలికి నొక్కాలి. లోపల తక్కువ వదిలితే ఎప్పుడో ఒకప్పుడు నోరు విడుతుంది.

"అంటే బ్లౌజుకి లోపల బట్ట వదలని దర్జీ అన్నమాట," అన్నాను. "అంతేనమ్మా," అన్నారాయన. గుమ్మంలోంచి అత్తమ్మ, "గర్జెలు గూడ అంతే. అంచు సరిగ్గ ఒత్తకుంటె నూనెల నోరు తెరుస్తయ్," అన్నారు. అన్ని నెలల తర్వాత ఆవిడ మాటలో మాట కలపడం అదే మొదటిసారి.

మా జింకకి తప్పు మైసూరు వాళ్ళది కాదుట, మా ఏసీది. ఇంత పాతతోలుని మళ్ళీ లాగితే చిరుగుతుంది కాబట్టి పూర్తిగా లోపలికి దూర్చడం కుదరదన్నారు. తడిదూది పెట్టి అంచు మెత్తబడ్డంతవరకే నొక్కి, గుండుసూదులు గుచ్చారు. మిగిలిన సందుని అది ఆరాక పల్చటి కాగితం, మైనంతో పూడ్చి రంగు వేస్తానన్నారు. లోపలికి చూస్తూ నేను పళ్ళేవని అడిగితే, పైవరస ముందుపళ్ళు జింకకి అసలుండవని చెప్పారు. ఇన్నేళ్ళూ ఒకే హాల్లో ఉండి నాకు తెలియదు!

రెండు వారాలు గుండుసూదులతో ఉంది. పొద్దున్నే చూసే పని అత్తమ్మ పుచ్చుకున్నారు. ముట్టుకోవద్దని పెద్దాయన చెప్పారు గనుక కుర్చీ దగ్గరగా లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని కిందనుంచే చూసేవారు. "కుడిదిక్కు రెండోది వదులైంది, ఆయనకు ఫోన్ జెయ్యి." ఏసీ వేస్తే వెంటనే ఆపించేవారు. మే నెలలో! మా వారు బనీనుతో తిరుగుతూ నావైపు కోపంగా చూసేవారు.

కాగితాల పని మా మరిది చూసుకున్నాడు. 1972 చట్టం ప్రకారం కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాని తల ఇంట్లో ఉండాలంటే యాజమాన్య ధ్రువపత్రం కావాలి. 2003లో, అప్పటిదాకా చెప్పనివాళ్ళు చెప్పుకోవడానికి ప్రభుత్వం 180 రోజులు గడువిచ్చినప్పుడు మావయ్యగారు వెళ్ళి రాయించుకున్నారు. ఆ కాగితం ఆయన పెన్షన్ ఫైల్లో, ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి ఉంది. అమ్మడానికి వీల్లేదు. వారసత్వంగా వస్తే 90 రోజుల్లోగా అటవీశాఖకి తెలపాలి. వద్దనుకుంటే అప్పజెప్పే వీలు 2022 సవరణలో వచ్చింది. ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి ఏడు పనిదినాల ముందు నోటీసు ఇవ్వాలి. గడువులోపే అత్తమ్మ పేరుమీద తెలియజేశాం.

నా మనసులో ఎప్పుడూ అప్పజెప్పడమే ఉంది. రంగు ఆరి, నోరు చక్కగా మూసుకుని, బతికున్నప్పుడు కూడా ఇంత పొందికగా ఉండి ఉండదనిపించిన రోజున, మెల్లగా అత్తమ్మని అడిగాను. నోటీసు టైప్ చేయించమంటారా అని.

ఆవిడ చాలాసేపు జింకకేసి చూశారు. "మీ మావయ్యకు గూడ ఇష్టం లేకుండె అది," అన్నారు. "వాళ్ళ నాయిన మీద భయానికి ఉంచిండు. నాకొక్కదానికే చెప్పిండు."

యాభై ఏళ్ళు ఆ గోడకింద కూర్చుని పేపర్ చదివిన మనిషి గురించి నాకు తెలిసిన కొత్త సంగతి అది. మా వారికీ తెలియదు.

"అయితే ఇచ్చేద్దామా అత్తమ్మా?"

"సంవత్సరీకం కానియ్యి," అన్నారు. తర్వాత కుర్చీని హాల్లోకి, పాతచోటుకే లాక్కుని, రిమోట్ ఎక్కడ పెట్టావని అడిగారు.

సంవత్సరీకం అయి మూడు నెలలైంది. నోటీసు టైప్ చేయించి ఫ్రిజ్ మీద పెట్టాను. ప్రతి ఒకటో తారీఖున గుర్తుచేస్తే, వచ్చే నెల చూద్దాం అంటారు. ఏసీని మాత్రం పడగ్గదిలోకి మార్పించేశాం.