‘ఫైనల్’ అను మాట

మాలూరులో పెరిగిన మాకు ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు పాఠము. ఆ ఇంగ్లీషులోని ఒక చిన్న విశేషణము మా ఇంట చేసిన నష్టమును గూర్చి చెప్పెదము.

ఇటుకలకు, పెంకులకు మాలూరు పేరుగన్నదని చదువరు లెరుగుదురు. మా తాతగారికిని ఊరి వెలుపల ఒక చిన్న ఇటుకల బట్టీ యుండెడిది. అప్పు వాయిదాలు తప్పగా ఒకనాడు ఇంగ్లీషులో జాబు వచ్చెను. దాని నెత్తిన ‘ఫైనల్ నోటీస్’ అని పెద్ద అక్షరములు. హైస్కూలులో చదువుచున్న మేమిరువురు అన్నదమ్ములము ‘చివరి జాబు’ అని అర్థము చెప్పితిమి. “అయితే ఇక జాబులు రావన్నమాట, బ్రతికితిమి” అని తాతగారు దానిని చూరులో దోపిరి. జాబులు నిజముగనే రాలేదు. నెల తిరుగకమునుపే మనుషులు వచ్చి కాల్చిన ఇటుకలను జప్తు చేసిరి.

“మీరు చదివినది తప్పు కాదు గదా నాయనా” అని ఆయన మమ్ము ఒక్క మాటయు అనలేదు. అదియే మాకు ఎక్కువ బాధ.

తప్పెక్కడ? ఆ మాటకు లాటిన్ మూలమైన ‘ఫీనిస్’ అనగా అంతము, సరిహద్దు. పొలిమేర జిల్లావారము, మనకిది తెలియవలసినదే! ‘లాస్ట్ ఇయర్’ అనగా గత సంవత్సరము. ‘ఫైనల్ ఇయర్’ అనగా చదువు ముగియు సంవత్సరము. అంపైరు తీర్పు ఫైనల్ అన్నచో అది ఆయన చెప్పు కడపటి తీర్పని కాదు, తిరుగులేనిదని. మరుబంతికే ఇంకొకటి చెప్పును. కన్నడిగులు కొనె అందురు, తమిళులు కడైసి అందురు. మనకు కడపటి, చివరి, ఆఖరి, తుది అని ఎన్నియో కలవు. ఇక మార్పు లేదను బిగువు ‘తుది’లోనే ఎక్కువ. ఆనాడు ‘తుది హెచ్చరిక’ అని యుండినచో తాతగారు దానిని చూరులో దోపియుండరు.

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడినవి. అచ్చట పనిచేసిన మా మేనమామ ‘ఫైనల్ సెటిల్‌మెంట్’ కాగితము తెచ్చి, “ఇదేమిరా?” అని అడిగెను. ఈ మారు మేము తొందరపడలేదు. “లెక్క తీరినది, ఇకపై అడుగుటకేమియు లేదని అర్థము మామయ్యా! కావున సంతకమునకు ముందు కూడి చూతము” అంటిమి. దీపము పెట్టు వేళవరకు మువ్వురమును కూడికలు చేసితిమి. మొత్తము సరిపోయిన పిదపనే ఆయన కలము తీసెను.