వార వార్తలలో కడపటి పంక్తి

ప్రతి శనివారము సాయంకాలము బడి విడిచిన పిదప, మా పాఠశాల వసారాలోని నల్లబల్లపై ఆ వారపు వార్తలు నాలుగైదు వ్రాయుట 2010వ సంవత్సరము మొదలు మాకు అలవాటు. రాజకీయములకు, సినిమాలకు అందు చోటు లేదు. శాస్త్రము, యంత్రము, వర్తకము, ఈ మూటికి సంబంధించినవే వ్రాయుదుము. విద్యార్థులు వానిని తమ పుస్తకములలో ఎత్తి వ్రాసికొందురు. బస్సునకై కాచుకొన్నవారును, మేకలను తోలుకొని పోవువారును ఒక్క నిమిషము నిలిచి చదువుకొని పోవుదురు.

ఇది మేము కనిపెట్టిన పని కాదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, వారి మిత్రులును విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి శాస్త్రగ్రంథములను తెలుగున వెలయింపజేసిరి. 1926లో పప్పూరు రామాచార్యులుగారు మా అనంతపురమునుండియే శ్రీ సాధన వారపత్రికను నడపనారంభించిరి. ఆ పెద్దలు అచ్చుయంత్రముతో చేసిన పనిలో పిసరంత మేము సుద్దముక్కతో చేయుచున్నాము.

వార్తలకు కొఱత యెన్నడును లేదు. 2019లో పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి కడ కొరియావారి కియా కార్ల కర్మాగారము తెఱవబడిన వారమున బల్లయెదుట బాలురు గుంపుగూడిరి. 2023 ఆగష్టు 23వ తేదీన చంద్రయాన్-3 చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగినపుడు బల్లయంతయు దానికే సరిపోయినది. 2024లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము ముగ్గురికి వచ్చినది. డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ అనువారు ప్రోటీనుల ఆకృతులను కంప్యూటరుచే కనుగొనజేసిరి. డేవిడ్ బేకర్ అనునాతడు ప్రకృతిలో లేని ప్రోటీనులను కల్పించెను. కృత్రిమ మేధయన నేమో, ప్రోటీను అన నేమో వివరించుటకు మాకు మూడు వారములు పట్టినది.

ఆ మూడవ శనివారమున కూలికి పోయివచ్చు నొక ముదుసలి బల్లయెదుట నిలిచి, మనుమరాలిచే అంతయు చదివించుకొని, మావైపు తిరిగినది.

"అయ్యవారూ, అంతా బాగుండాది. దీంట్లో మనకు పనికొచ్చేది యేది?"

"అన్నీ పనికొచ్చేటివే, అవ్వా."

"అట్లనా" అని ఆమె తలమీది గడ్డిమోపు సరిచేసికొని వెడలిపోయినది. ఆ మాటలో ఎగతాళి లేదు, నమ్మికయు లేదు. మేము సుద్దముక్క చేతబట్టుకొని చాలసేపు నిలిచిపోతిమి. ఏలయన, ఆ ప్రశ్న మమ్ము వేయుటకు హక్కుగలవారు అంతకుమున్ను మఱియొకరుండిరి.

2000వ సంవత్సరపు వానకారులో మా జిల్లా వేరుసెనగ పైరును ఎన్నడు నెఱుగని తెగులొకటి పట్టుకొన్నది. మొవ్వు లెండి, కాండములు నల్లబడి, మొక్కలు నిలువున చచ్చెను. దెబ్బతిన్న నేల సుమారు 2,25,000 హెక్టారులు. నష్టము 300 కోట్ల రూపాయలకు పైమాట. మా యూరిలో కొందఱు అమ్మవారికి మ్రొక్కుకొనిరి. కొందఱు దుకాణములో దొరికిన మందెల్ల తెచ్చి చల్లిరి. మా నాయనగారు ఆ యేట విత్తనపుకాయలను మా పెదనాయనగారి యింటినుండి తెచ్చియుండిరి. వంక కీవల మా చేను మాడిపోయినది. ఆవల వారి చేను చాలవఱకు నిలిచినది. "మంచి కాయ తాను పెట్టుకొని చెడ్డ కాయ నాకిచ్చినాడు" అని మా నాయనగారు నిశ్చయించుకొనిరి. అన్నదమ్ములకు మాటలు నిలిచిపోయినవి.

అప్పుడు మేము పట్టభద్రులమై ఉపాధ్యాయ నియామక పరీక్షకు చదువుచుంటిమి. ఆంగ్లపత్రికలలో వారమునకొకసారి వచ్చు శాస్త్రవార్తలను నోటుపుస్తకమున ఎక్కించుకొనుట మా నియమము. రెండేండ్ల పిమ్మట ఒకనాడు మా జిల్లా పేరే ఆ వార్తలలో కనబడినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఆ తెగులునకు కారణము టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చిరి. గట్లమీద, బాటలప్రక్కన విచ్చలవిడిగ పెరుగు వయ్యారిభామ మొక్క, మా వైపున కాంగ్రెసు గడ్డి యనునది, ఆ వైరసునకు ఆశ్రయము. దాని పుప్పొడి వేరుసెనగ ఆకులపై పడును. కంటికి సరిగ కానరాని తామరపురుగులు ఆకును గీరినపుడు, పుప్పొడిలోని వైరసు ఆ గాయమున లోనికి జొచ్చును. వేరుసెనగలో ఇది విత్తనముద్వారా వచ్చునది కాదు. చేని చుట్టును జొన్న సాళ్లు దట్టముగ వేసినయెడల, వెలుపలినుండి గాలితో వచ్చు పురుగులను అవి కొంతవఱకు అడ్డగించును.

ఇంత చదివి మేము వ్రాసికొన్నది ఒక్క పంక్తి: తెగులు పేరు, వైరసు పేరు, సంస్థ పేరు. పరీక్షలో అడుగునవి పేర్లే గదా! పుస్తకము మూసితిమి. ప్రక్కగదిలో నున్న మా నాయనగారితో ఒక్క మాటయైన చెప్పలేదు. చెప్పరాదని కాదు, చెప్పవలెనని తోచలేదు. మాకు అది జ్ఞానము కాదు, ఒక మార్కు. అర్థము విడిచి వల్లించువానిని గంధపుచెక్కలు మోయు గాడిదయని మా సంస్కృత గురువుగారు పరిహసించెడివారు. ఆ మాట విని నవ్వినవారిలో మేమును ఉంటిమి.

పెదనాయనగారు 2006లో కాలము చేసిరి. 2009లో వ్యవసాయశాఖ ఉద్యోగి యొకరు మా యూరి రచ్చబండకడ ఈ సంగతులే తెలుగున విప్పి చెప్పిరి. పెదనాయనగారు పశువుల మేతకై ఏటేట చేని చుట్టును జొన్న వేయువారని ఊరందఱికిని తెలిసినదే. మా నాయనగారు చివరివఱకు కూర్చుండి విని, ఇంటికి వచ్చి, కాళ్లు కడుగుకొనుచు, "విత్తనంతో రాదంట" అనిరి. కొంతసేపటికి, "నీకు ఎరుకనా?" అని అడిగిరి. "ఎరుకే, నాయనా" అంటిమి. వారు మఱేమియు అనలేదు. మరుసటి యేడు మా చేని చుట్టును జొన్న వేసిరి. కాని కన్నుమూయువఱకు అన్నగారి గడప త్రొక్కలేకపోయిరి.

మా నల్లబల్ల ఆ మరుసటి యేడే మొదలైనది. ప్రాయశ్చిత్తముగ మొదలిడిన పని క్రమముగ మరల పేర్ల పట్టికయై పోయినదని ఆ యవ్వ ప్రశ్నతోగాని మాకు తెలియలేదు. మూఢత్వము చదువురానివారి సొత్తని మనము తలతుము. పేరు నేర్చి పని నేర్వకుండుట చదువుకొన్నవారి మూఢత్వము.

అందుచేత ఇప్పుడు ప్రతి వార్తక్రిందను "దీనివలన మనకేమి?" అని కడపటి పంక్తి యొకటి చేర్చుచున్నాము. ఉపయోగములేని వార్తను త్రోసివేయుట మా యుద్దేశము కాదు. చంద్రునిపై దిగుట మా చేలకు తడినీయదు. అయినను మనుష్యుని బుద్ధి యెంత దూరము పోగలదో బాలురు తెలిసికొనవలదా? అట్టి వార్తక్రింద "తెలిసికొనుటయే లాభము" అని నిజము వ్రాయుదుము. 2025 మే నెలలో ముడి పామాయిలుపై దిగుమతిసుంకము తగ్గింపబడినపుడు, "పైదేశపు నూనె చౌకయైన మన కాయ ధర తగ్గవచ్చును, అమ్మువారు గమనింపుడు" అని వ్రాసితిమి. అది వర్తకవార్తయే గాని మా యూరిలో ప్రతి యింటి వార్త.

ఆశపెట్టు వార్తలయెడ మఱింత జాగ్రత్త వలయును. మా పీఠభూమికి పడమటి కనుమలు నైరృతి వానను అడ్డగించును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వాన ఇచటికి వచ్చుసరికి పలుచబడును. ఏడాది మొత్తమునకు సుమారు 550 మిల్లీమీటర్లు. ఇట్టిచోట 2000 తరువాతి దశాబ్దమున ప్రభుత్వము విమానములతో మేఘమథనము చేయించినపుడు, ఆకాశమునుండి వాన కొని తెత్తురని జనులు నమ్మిరి. ఉన్న మబ్బునుండి కొంత రాబట్ట జూచుటయే గాని, లేని మబ్బును పుట్టించు విద్య కాదది. అట్టి వార్తను బల్లపై నెక్కించినయెడల ఆ మాట కూడ దానిక్రింద ఉండితీరవలెను.

అవ్వ అడిగిన తరువాతి శనివారము ఆ నోబెల్ వార్తను తుడిచివేయక, దానిక్రింద ఇట్లు వ్రాసితిమి: "వైరసు పైతొడుగు కూడ ప్రోటీనే. దాని యాకృతి తెలిసినయెడల ముందెన్నడో మంచి యుపాయము దొరకవచ్చును. ఇప్పటికి మన చేతిలోనున్న యుపాయము వయ్యారిభామను పూతకు రాకమునుపే పీకుట. చేతులకు తొడుగులు వేసికొనుడు. అది చర్మమునకు దురదలు తెచ్చును."

సోమవారమున బాలురును, బాలికలును బడిగోడ పొడవున దానిని పీకివేసిరి. పిదప వారిలో కొందఱు వంక దాటి మా పెదనాయనగారి చేని గట్టునకు పోయిరి. దానిని ఇప్పుడు వారి మనుమడు సేద్యము చేయుచున్నాడు. చుట్టును జొన్న వేయుట అతడు మానలేదు.