కిల్డోనన్‌లో దిగేవాళ్లున్నారా?

స్కాట్లాండ్ వచ్చిన మనవాళ్లు ఎడిన్‌బరో కోట చూస్తారు, లాక్‌నెస్ ఒడ్డున ఫొటో దిగుతారు, స్కై దీవికి కారేసుకుని వెళ్తారు. ఉద్యోగం మీద ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ అవన్నీ తిరిగా. ఇప్పుడెవరైనా ‘ఒక్క రోజే ఉంది, ఎక్కడికెళ్లమంటావ్?’ అని అడిగితే మాత్రం కిల్డోనన్ అంటున్నా. అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఒక నది, ఒక పాత చర్చి, కొండల మీద గొర్రెలు, గడ్డిలో కూరుకుపోయిన రాతి గోడలు. ఆ గోడల కోసమే వెళ్లాలి.

ఇన్వర్‌నెస్‌లో రైలెక్కితే రెండున్నర గంటల ప్రయాణం. చాలా దూరం కిటికీ పక్కన సముద్రమే. హెల్మ్స్‌డేల్ దాటాక కొండ నేరుగా సముద్రంలోకి దిగిపోతుంది. పట్టాలకు చోటు లేక లైనును నది వెంబడి లోపలికి మళ్లించారు. 1874లో పూర్తయిన లైను అది. కిల్డోనన్‌లో రైలు దానంతటది ఆగదు, దిగేవాళ్లుంటే ముందే గార్డుకు చెప్పుకోవాలి. నేను చెబితే ఆయన ఓసారి ఎగాదిగా చూసి, తిరుగు రైలు టైము రెండుసార్లు గుర్తుచేశాడు. రోజుకు అటు నాలుగు, ఇటు నాలుగు రైళ్లే మరి.

కిల్డోనన్ ఒక ఊరి పేరు కాదు, పారిష్ పేరు. ఒక చర్చి కిందికొచ్చే ఊళ్లన్నీ కలిపితే ఒక పారిష్. బడి, బీదలకు సాయం, పెళ్లిళ్ల నమోదు అన్నీ చాలాకాలం ఆ లెక్కనే నడిచాయి. మన పాత ఫిర్కా లాంటిదనుకోండి. కాకపోతే ఇక్కడ ఊరి లెక్కలు తెలిసిన మనిషి కరణం కాదు, పాస్టరు.

ఆ సంగతి కనిపెట్టి వాడుకున్నవాడు సర్ జాన్ సింక్లెయిర్. పక్కనే ఉన్న కెయిత్‌నెస్ జిల్లా జమీందారు. 1790లో దేశంలోని పారిష్‌లన్నిటికీ, అంటే తొమ్మిది వందలకు పైగా పాస్టర్లకు 160 ప్రశ్నలు పంపాడు. మీ దగ్గర జనం ఎందరు? నేతగాళ్లెందరు, కమ్మరులెందరు, దర్జీలెందరు? కూలి ఎంత? ఏం తింటారు? ఎవరైనా ఊరొదిలి పోతున్నారా, పోతే ఎందుకు? జవాబివ్వని వాళ్లకు ఉత్తరం మీద ఉత్తరం రాశాడు, చివరికి మనుషుల్నే పంపాడు. (స్టేటస్ రిపోర్టు కోసం వెంటపడే మేనేజర్లు ఆ రోజుల్లోనూ ఉన్నారన్నమాట.) 1791 నుంచి 1799 దాకా 21 సంపుటాలు అచ్చయ్యాయి. ‘స్టాటిస్టిక్స్’ అనే మాటను ఇంగ్లీషులో నలుగురి నోళ్లలోకి తెచ్చింది ఈయనే.

దాదాపు ఆ రోజుల్లోనే స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టిన ఇంకో మనిషి, కాలిన్ మెకంజీ, మన దగ్గర ఇలాంటి పనికే దిగాడు. ఏలూరుకు చెందిన కావలి సోదరుల్ని తోడు పెట్టుకుని ఊరూరి కైఫియత్తులు సేకరించాడు. మన పల్లెల పాత కథలు ఈ రోజు దొరుకుతున్నాయంటే ఆ పుణ్యమే. అందుకేనేమో, పారిష్ లెక్కలు తిరగేస్తుంటే పరాయి దేశపు పుస్తకంలా అనిపించలేదు.

1801లో కిల్డోనన్ జనాభా 1,440. నది పొడవునా చిన్న చిన్న పల్లెలు. రాయి, మట్టిగడ్డలతో గోడలు, పైన గడ్డి కప్పు. కాస్త ఓట్సు, కాస్త బార్లీ పండేది. అసలు ఆస్తి నల్ల పశువులు. ఎండాకాలం వాటిని కొండ మీదికి తోలుకెళ్లి అక్కడే గుడిసెల్లో ఉండేవాళ్లు. సంతకు తోలి అమ్మిన డబ్బుతో జమీందారుకు శిస్తు కట్టేవాళ్లు. చాటుమాటుగా విస్కీ కాసేవాళ్లు. ఇళ్లల్లో కొడుకులు సైన్యంలో చేరేవాళ్లు. మాట్లాడేది గేలిక్. భూమి మాత్రం వాళ్లది కాదు, సదర్లాండ్ కౌంటెస్‌ది.

ఇంగ్లండ్ మిల్లులకు ఉన్ని కావాలి. చెవియట్ జాతి గొర్రెలు ఈ చలికి తట్టుకుంటాయని తేలింది. వందలమంది రైతుల దగ్గర శిస్తు వసూలు చేయడం కన్నా లోయ మొత్తాన్ని ఒక్క గొర్రెల ఆసామికి కౌలుకిస్తే ఎక్కువ వస్తుందని ఎస్టేటు లెక్కేసింది. 1813లో మనుషుల్ని ఖాళీ చేయించడానికి వస్తే కిల్డోనన్ వాళ్లు తిరగబడి తరిమేశారు. సైన్యం దిగింది. దాంతో అణిగిపోయింది. 1819లో మిగిలిన పల్లెలూ పోయాయి. మళ్లీ వచ్చి కాపురం పెట్టకుండా ఇళ్లకు నిప్పు పెట్టారు. చెట్లు లేని దేశంలో ఇంటి దూలం అంటే ఎంత ఆస్తో ఆలోచించండి.

1811లో 1,574 మంది. 1831లో 257.

ఆ తర్వాతి లెక్కల్లో జనాభా ఉన్నట్టుండి రెండు వేలు దాటుతుంది. లోయ మళ్లీ నిండిందేమో అనుకుంటారు చూసినవాళ్లు. అదేం కాదు, రేవు ఊరు హెల్మ్స్‌డేల్‌ను పక్క పారిష్ నుంచి తీసి ఇందులో కలిపారు, అంతే. డేటాతో పనిచేసేవాళ్లకు ఇలాంటి అంకె కనిపిస్తే ముందు సరిహద్దు చూడాలని తెలుసు.

ఎస్టేటు కమిషనర్ జేమ్స్ లాక్ 1820లో దీని మీద ఒక పుస్తకమే వేశాడు. ఈ పనికి ఆయన పెట్టిన పేరు ‘అభివృద్ధి’. మా ఆఫీసులో డేటాను ఒక సర్వర్ నుంచి ఇంకో దానికి తరలిస్తే మైగ్రేషన్ అంటాం, పాతది తుడిచేస్తాం. అక్కడ తుడిచేసింది పొయ్యిలూ గడపలూ.

స్టేషన్ నుంచి బయల్దేరి నది పక్కన నడిస్తే ఆ గోడలు కనిపిస్తాయి. మోకాలెత్తు కూడా లేవు. ముందు మామూలు రాళ్ల కుప్పల్లా ఉంటాయి. కాసేపటికి కన్ను అలవాటుపడి ఇది తలుపు, ఇది పశువుల కొట్టం అని తెలుస్తుంది. చుట్టూ గడ్డి ఇప్పటికీ కొంచెం ఎక్కువ పచ్చగా ఉంటుంది. పేడ వేసి సాగుచేసిన నేల మరి.

ఈ లోయకు ఇంకోసారి జనం వచ్చారు, బంగారం కోసం. రాబర్ట్ గిల్‌క్రిస్ట్ అనే ఇక్కడివాడే ఆస్ట్రేలియా గనుల్లో పనిచేసి తిరిగొచ్చి కిల్డోనన్ వాగులో బంగారు రేణువులు పట్టాడు. 1869లో వందలమంది పళ్లేలు పట్టుకుని దిగారు. గుడారాలు, చెక్క గుడిసెలు వెలిశాయి, దానికి గేలిక్‌లో ‘బంగారు ఊరు’ అని పేరు. డ్యూక్ నెలకు ఒక పౌను లైసెన్సు రుసుం పెట్టాడు. గొర్రెల ఆసాములు, వేటకొచ్చే దొరలు గోల పెట్టేసరికి ఆ ఏడాది చివరికే లైసెన్సులు ఆపేశాడు. మనుషులు మళ్లీ ఖాళీ. ఇప్పుడు సరదాకి రేణువులు పట్టుకోనిస్తున్నారు. నేను గంటన్నర వాగులో కూర్చున్నా. కాళ్లు కొయ్యబారాయి, నల్ల ఇసుక దొరికింది.

సాయంత్రం రైలుకు హెల్మ్స్‌డేల్ వచ్చి అక్కడే ఉండిపోయా. ఇది 1814లో ఎస్టేటు గీతలు గీసి కట్టిన ఊరు. లోయ నుంచి దించినవాళ్లలో కొందరికి ఈ తీరంలోనే చిన్న చిన్న భూమి ముక్కలిచ్చారు. వాటి మీదే బతకలేరు, కాబట్టి చేపల పనికి వస్తారని లెక్క. వీధుల పేర్లు చూడండి: డన్‌రాబిన్, స్టాఫర్డ్, ట్రెంథామ్, లిల్లెషాల్. అన్నీ జమీందారీ బిరుదులు, ఎస్టేట్ల పేర్లే. చివరి రెండూ ఎక్కడో ఇంగ్లండ్‌లో ఉన్నవి. పశువులు కాసుకునే మనిషిని తెచ్చి పడవెక్కించి, ఉండే వీధికి తన పేరే పెట్టుకున్నారు.

హెర్రింగ్ అంటే మన కవళ్ల కుటుంబానికి చెందిన చేప. ఉప్పేసి పీపాల్లో సర్ది ఓడలెక్కించేవాళ్లు. మగవాళ్లు సముద్రం మీద, ఒడ్డున పీపాలు చేసే వడ్రంగులు, మిగతా పనంతా ఆడవాళ్లది. ముగ్గురేసి జట్టు: ఇద్దరు చేప పొట్ట చీల్చి శుభ్రం చేస్తే మూడో ఆవిడ ఉప్పుతో పొరలు పొరలుగా పేరుస్తుంది. కత్తి తెగకుండా వేళ్లకు గుడ్డ పేలికలు చుట్టుకునేవాళ్లు. తెగితే ఉప్పులోనే కదా చెయ్యి పెట్టాలి. అలా చూస్తే ఈ ఊరి ‘అభివృద్ధి’ నిలబడింది ఆ వేళ్ల మీదే. అలాగని హెర్రింగూ శాశ్వతం కాలేదు. ఇప్పుడు రేవులో ఉన్నవి కొద్దిపాటి పడవలే.

ఊరి పైన ఒక కంచు విగ్రహం ఉంది. భర్త, భార్య, చంకలో బిడ్డ, పక్కన కొడుకు. ఆమె ఒక్కతే వెనక్కి తిరిగి లోయకేసి చూస్తోంది. 1813లో వందమంది దాకా కిల్డోనన్ వాళ్లు కెనడాలోని రెడ్ రివర్‌కు ఓడెక్కారు. దారిలో ఓడలో విషజ్వరం. దిగాల్సిన చోట కాక ఇంకో చోట దింపితే ఆ చలికాలమంతా అక్కడే గడిపి, మంచులో నడిచి వెళ్లారు. అదే ఇవాళ్టి విన్నిపెగ్. నా బీటెక్ ఫ్రెండ్ ఒకడు అక్కడే ఉంటాడు. ఫొటో పంపితే, “ఒరేయ్, మేం వీకెండ్‌కి పిల్లల్ని తీసుకెళ్లే పార్కు పేరు కిల్డోనన్ పార్కే కదరా” అన్నాడు. ఈ విగ్రహానికి జంట విగ్రహం కూడా ఆ ఊళ్లోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఏ9 రోడ్డు మీద ఉత్తరానికి వెళ్లే బస్సెక్కి బాడ్‌బే దగ్గర దిగా. రోడ్డు నుంచి చిన్న కాలిబాట, చివర సముద్రం మీదికి వాలిన కొండ అంచు. లాంగ్‌వెల్, ఔస్‌డేల్ లోయల నుంచి వెళ్లగొట్టిన కుటుంబాలు వచ్చి తలదాచుకున్న చోటు. గాలికి కొట్టుకుపోయి లోయలో పడకుండా పశువుల్ని, కోళ్లను, పసిపిల్లల్ని తాళ్లతో కట్టేసి ఉంచేవాళ్లట. అక్కడ నిలబడితే ‘అట’ అనక్కర్లేదనిపిస్తుంది. నా బ్యాగును నేనే రెండు చేతులా పట్టుకున్నా.

లాంగ్‌వెల్ అప్పట్లో ఎవరిదో తెలుసా? సర్ జాన్ సింక్లెయిర్‌ది. పారిష్ పారిష్‌కూ ప్రశ్నలు పంపిన ఆయనే. చెవియట్ గొర్రెల్ని ఇంత ఉత్తరానికి తెచ్చిన తొలివాళ్లలో ఒకడు, అదీ ఆ సంపుటాలు అచ్చవుతున్న రోజుల్లోనే. సదర్లాండ్ వాళ్లతో పోలిస్తే ఆయన మెత్తనివాడే, చిన్న రైతులే గొర్రెలు పెంచుకోవాలని వాదించాడు కూడా. కానీ ‘ఎవరైనా ఊరొదిలి పోతున్నారా, పోతే ఎందుకు’ అన్న ప్రశ్నకు ఆయన ఇంటి ముందే జవాబు ఉంది.

బాడ్‌బే నుంచి చివరి మనిషి 1911లో వెళ్లిపోయాడు. అదే ఏడాది న్యూజిలాండ్ నుంచి, ఇక్కడినుంచి వలస వెళ్లిన ఒకాయన కొడుకు డబ్బిచ్చి, తండ్రి పుట్టిన ఇంటి రాళ్లతోనే స్మారకం కట్టించాడు. దాని మీద ఇక్కడ బతికినవాళ్ల పేర్లున్నాయి. ఎక్కువగా సదర్లాండ్, గన్, గ్రాంట్. సదర్లాండ్ అంటే జమీందారిణిది కాదు, వీళ్లదీ అదే ఇంటిపేరు. గాలి హోరులో అన్నీ చదవడానికి పావుగంట పట్టింది.