అలిపిరి మెట్లదారిలో సీతాకోకచిలుకలు

అలిపిరి నుండి తిరుమలకు పోవు కాలిబాట 3550 మెట్లు గలది. వర్షములు వెనుకబట్టిన పిదప కార్తికమాసమున మేము కుటుంబసమేతముగా ఆ దారిని కొండ యెక్కితిమి. గాలిగోపురము దాటిన పిమ్మట ఎక్కుడు శ్రమ తగ్గును. అచ్చట బాట కిరువంకల పూచిన పొదలపై నల్లని సీతాకోకచిలుకలు గుంపులుగా వ్రాలుచుండెను.

చూడగానే అవి యన్నియు నొక్కజాతివని తోచును. నిలిచి చూచినచో భేదము తెలియును. కామన్ రోజ్ అనుదానికి వెనుకరెక్కల నడుమ తెల్లమచ్చయు, అంచున నెఱ్ఱని చుక్కలును గలవు; ఉదరము కుంకుమ యద్దినట్లుండును. కామన్ మార్మన్ అను జాతిలోని ఆడుదాని రెక్కలును అట్టివే, కాని దేహము కేవలము నలుపు. క్రిమ్సన్ రోజ్ ముందురెక్కలపై తెల్లని పట్టెలు, వెనుకరెక్కలపై గాఢమైన యెఱ్ఱచుక్కలు నుండును. మార్మన్ ఆడువానిలో మఱియొక రూపము దీనిని బోలును. అందు పట్టెలు మాసినట్లుండును, దేహము నలుపే. కావున రెక్కలు చూచి సందేహము కలిగినపుడు దేహమును చూడవలెను. మగ మార్మనుకు ఈ వేషము లేదు. దాని వెనుకరెక్కలపై తెల్లచుక్కల వరుస మాత్రముండును.

ఈ వేషమున కొక కారణము కలదు. రోజ్ జాతుల గొంగళిపురుగులు ఈశ్వరి తీగె నాకులు తిని అందలి విషమును దేహమున నిలుపుకొనును. ఒకసారి రుచి చూచిన పక్షి మఱల వానిని ముట్టదు. విషము లేని మార్మన్ ఆ రంగులు దాల్చి ప్రాణము దక్కించుకొనుచున్నది. ఇట్టి యనుకరణమును హెన్రీ బేట్స్ అను ఆంగ్లేయుడు అమెజాను అడవుల సీతాకోకచిలుకలను పరిశీలించి 1862లో వివరించెను. మార్మన్ వేషములకు మూలము డబుల్‌సెక్స్ అను ఒక్క జన్యువేయని 2014లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

సోదరీమణులారా, కంచె బాగుచేయించునపుడు ఈశ్వరి తీగెను పిచ్చితీగె యని పెరికింపకుడు. అది లేనిచోట రోజ్ జాతులు బ్రతుకవు. అవి లేకున్న పక్షులకు ఎఱ్ఱచుక్కల వలని జంకు పోవును. మార్మన్ వేషము వ్యర్థమగును. పెరటి కరివేపచెట్టుపై పిట్టరెట్ట వలె కానవచ్చి, పెరిగిన పిదప పచ్చనగు పురుగు మార్మన్ పిల్ల కావచ్చును. చారులోనికి రెండు రెబ్బలు తక్కువైనను, దానిని నలిపివేయక విడిచిపెట్టుడు.