రాజ్‌దూత్ నేర్పిన పాఠం

ఉదయం 6 గంటల షిఫ్టుకు ముందు భిలాయి సెంట్రల్ ఎవెన్యూ ప్రక్కన ఒక్క పావుగంట నిలబడితే చాలు, ఈ ఊరి స్వభావం బోధపడుతుంది. సెక్టార్ల వీధులన్నీ చిన్న చిన్న పాయలవలె వచ్చి ఆ రహదారిలో కలుస్తాయి. ఒకప్పుడు ఆ ప్రవాహంలో అధికభాగం సైకిళ్ళే. క్రమంగా స్కూటర్లు, మోటారు సైకిళ్ళు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. కర్మాగారానికి, ఇంటికి మధ్య వారధి ఇక్కడ రెండు చక్రాల బండియే.

సోవియట్ సహకారంతో భిలాయి ఉక్కు కర్మాగార నిర్మాణానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ తొలి సంవత్సరాలలో ఉత్తరాంధ్ర నుండి పొట్ట చేతబట్టుకుని వచ్చిన వేలాదిమందిలో మా నాన్నగారు ఒకరు. శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె నుండి రేకు పెట్టెతో వచ్చి, ఫిట్టరుగా స్థిరపడి, చాలా ఏళ్ళు సైకిలు తొక్కిన తరువాత ఆయన ఒక రాజ్‌దూత్ కొన్నారు. పోలెండు దేశపు నమూనా ఆధారంగా మనదేశంలో 1962 నుండి తయారైన బండి అది. విదేశీ నమూనాను మనవారి చేతులు తమదిగా చేసుకున్న తీరులో కర్మాగారానికీ ఆ బండికీ పోలిక ఉందని ఆయన సరదాగా అనేవారు.

ప్రతి ఆదివారం ఉదయం క్వార్టరు ముందు గోనెపట్టా పరచి, నాన్నగారు ఆ బండిని విప్పి తుడిచేవారు. నేను చదువు వంకతో లోపలే ఉండేవాణ్ణి. 1995లో పదవీ విరమణ చేసి స్వగ్రామం వెళుతూ, బండి తాళంతోపాటు పనిముట్ల సంచి కూడా నా చేతిలో పెట్టారు. తాళం వాడుకున్నాను, సంచి అటక ఎక్కింది. అప్పటికి నేను ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని ఇదే కర్మాగారంలో యాంత్రిక నిర్వహణ విభాగంలో చేరి మూడేళ్ళయింది. క్రేనుల తనిఖీ నా విధుల్లో ఒకటి. క్రేను తాడులో ఎన్ని పోగులు తెగాయో లెక్కించి, పరిమితి దాటితే ఆ తాడును నిర్దాక్షిణ్యంగా తీసివేయించడం నా పని.

1997 ఆగస్టులో ఒక మధ్యాహ్నం, సన్నని వాన పడుతుండగా షిఫ్టు ముగించుకుని బయలుదేరాను. ముర్గా చౌక్ దాటిన కొద్దిసేపటికి ముందున్న సైకిలు హఠాత్తుగా మలుపు తిరిగింది. ముందు బ్రేకు నొక్కాను. పిడి దగ్గర "టక్" మని చిన్న శబ్దం వచ్చి, బ్రేకు పిడి పట్టు లేకుండా నా వేళ్ళలోకి వచ్చేసింది. వెనుక బ్రేకు ఒక్కటే తడి రోడ్డుపై బండిని ఆపలేకపోయింది. సైకిలుమీది మనిషి పడిపోయాడు. ఎడమ ముంజేయి విరిగింది.

ఆయన ఖుర్సీపార్‌లో నివసించే తెలుగు కార్మికుడు, కాంట్రాక్టు పనిలో దినకూలీ. ఆరు వారాలు కట్టుతో ఉంటే ఆరు వారాలు కూలి లేదన్నమాట. ఆ కూలిని నేను భరించాను. అది పెద్ద విషయం కాదు. రెండవసారి చూడబోయినపుడు ఆయన భార్య టీ ఇచ్చి, ఏ కోపమూ లేకుండా, "బండి బాగుచేయించుకున్నారా బాబూ?" అని అడిగింది. "చేయించానమ్మా" అన్నాను. మెకానిక్కు కొత్త తీగ వేసిన మాట నిజమే. కాని పాత తీగ ఎందుకు తెగిందో, కొత్తది ఎన్నాళ్ళు మన్నుతుందో నాకు తెలియదు. ఆ ప్రశ్న ఇంటివరకూ నా వెంటే వచ్చింది.

ఆ సాయంత్రం తెగిన తీగను జేబులో వేసుకుని మా వీధిలోని మావయ్యగారి వద్దకు వెళ్ళాను. ఆయన నాన్నగారి మిత్రుడు, కర్మాగారంలో రిగ్గరుగా పనిచేసి విరమించినవారు. కళ్ళజోడు పెట్టుకుని తీగ కొసను వెలుతురులో త్రిప్పి చూశారు. "ఒక్కరోజులో తెగింది కాదు బాబూ. పోగుపోగూ తుప్పుపట్టి తెగుతూ వచ్చింది. ఆఖరిది ఆవేళ తెగింది. క్రేను తాడు ఇలాగుంటే పని ఆపించేస్తావు కదా, మరి నీ బండికి షట్‌డౌన్ ఎవరిస్తారు?" అన్నారు. సమాధానం లేకపోయింది. అటకమీది సంచి దించాను.

ఆ విధంగా ప్రతి ఆదివారం నా రెండవ విద్యాభ్యాసం ఆరంభమైంది. తొలిపాఠం తీగదే. పిడి దగ్గర తీగ చివరి గుండును ప్రక్కకు జరిపి, అక్కడ పోగులు విచ్చుకున్నాయేమో చూడాలి; మొదట తెగేది అక్కడే. ఆపై తీగను నిలువుగా వ్రేలాడదీసి, పై కొసకు కాగితపు గరాటు చుట్టి, నూనె చుక్కలు క్రింది కొసనుండి కారేవరకు ఓపిక పట్టాలి. రెండవ పాఠం గొలుసు. ఇనుప ధూళి, వాన బురద కలిస్తే అది ఆకురాయివలె పళ్ళను అరగదీస్తుంది. కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, చిక్కని గేరు నూనె పూయాలి. గొలుసు మధ్యభాగాన్ని వ్రేలితో ఎత్తితే సుమారు 20 నుండి 25 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. మరీ బిగిస్తే బేరింగులకు చేటు, మరీ వదిలితే గొలుసు జారుతుంది. ఇరుప్రక్కల మరలను సమంగా త్రిప్పకపోతే చక్రమే వంకర అవుతుంది. మిల్లులో షాఫ్టుల అమరిక చూసే నాకు ఇది వెంటనే అర్థమైంది.

మూడవ పాఠం బ్రేకు డ్రమ్ము. లోపలి పొడిని నోటితో ఊదవద్దని మావయ్యగారు గట్టిగా వారించారు. ఆ కాలపు బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడవడమే క్షేమం. షూలకు నూనె చేయి తగలరాదు. బిగించిన పిమ్మట వీధిలో నడక వేగంతో పరీక్షించి చూడనిదే పెద్ద రోడ్డు ఎక్కరాదు.

తప్పులు చేయలేదని చెప్పను. ఒకసారి ప్లగ్గును పొడవాటి పానాతో బలంకొద్దీ బిగించి, అల్యూమినియం హెడ్డులోని మరను పాడుచేశాను. "చేత్తో తిరగని మరను పానాతో తిప్పకు బాబూ. ముందు వ్రేళ్ళతో సరిగా కూర్చోబెట్టు" అన్నారు మావయ్యగారు. ఆ మర బాగుచేయించడానికి పవర్‌హౌస్ బజారుకు రెండు ట్రిప్పులు తిరిగాను.

1998 డిసెంబరులో అసలు పరీక్ష ఎదురైంది. దల్లీ-రాజహరా గనులలో పనిచేసే మిత్రుని ఇంటికి నా శ్రీమతితో కలిసి బండిమీద బయలుదేరాను. దుర్గ్, గుండర్‌దేహి, బాలోద్ మీదుగా సుమారు 90 కిలోమీటర్ల దారి. కోత ముగిసిన వరిచేలు, కళ్ళాల్లో ధాన్యపు కుప్పలు, బాలోద్ వద్ద తాండులా జలాశయపు నీలిమ. మన కర్మాగారపు దాహం తీర్చేది ఆ నీరే. బాలోద్ దాటి నేల ఎర్రబడుతూ, సాల వృక్షాలు కనిపించే వేళ ఇంజను ఒక్కసారిగా ఆగిపోయింది. కనుచూపు మేరలో మనిషి లేడు.

క్రితం సంవత్సరమైతే కిక్కు కొట్టీ కొట్టీ అలసిపోయేవాణ్ణి. ఇప్పుడు మావయ్యగారు చెప్పిన క్రమం గుర్తు చేసుకున్నాను: పెట్రోలు వస్తున్నదా, నిప్పురవ్వ ఉన్నదా, గాలి ఆడుతున్నదా? పెట్రోలు వస్తున్నది. ప్లగ్గు విప్పి చూస్తే రెండు కొనల మధ్య వెంట్రుకవంటి మసి పోగు అడ్డుపడి ఉంది. పెట్రోలులో నూనె కలిపి నడిపే ఇంజన్లకు ఇది తరచుగా వచ్చే జబ్బే. గరుకు కాగితంతో రుద్ది, ఎడం సరిచూసి, వ్రేళ్ళతో మర ఎక్కించి, తగుమాత్రంగా బిగించాను. రెండవ కిక్కుకే ఇంజను పలికింది. భిలాయి కొలుములకు ఖనిజాన్ని పంపే ఆ ఎర్రని కొండలను చీకటి పడకముందే చేరుకున్నాము. మరునాడు తిరుగుప్రయాణంలో శ్రీమతి బండి ఎక్కబోతూ ఆగి, "బ్రేకు తీగ చూశారా?" అని అడిగింది. చూశాను, అయినా ఆమె ఎదుట మరొకసారి చూశాను.

కాలం మారింది. రాజ్‌దూత్ తయారీ ఆగిపోయి చాలాకాలమైంది. 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చి, ద్విచక్ర వాహనాలలో కార్బొరేటరు స్థానాన్ని ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థ ఆక్రమించింది. ఆ భాగాన్ని తగిన పరికరాలున్న వారికే వదిలివేయడం వివేకం. అయితే టైర్ల గాలి, గొలుసు వదులు, నూనె మట్టం, బ్రేకు షూలు లేదా ప్యాడ్ల మందం చూసుకోవడం నేటికీ మన చేతిలోని పనే. వారానికి అరగంట చాలు.

మావయ్యగారు ఇప్పుడు లేరు. తెగిన ఆ తీగ మాత్రం నా ఆఫీసు సొరుగులో ఉంది. క్రేను తాడు తనిఖీ నేర్చుకోవడానికి కొత్త ట్రైనీలు వచ్చినపుడు, మొదట దానినే బల్లమీద పెడతాను. రానున్న ఆదివారం మీ బండి పిడి దగ్గర ఒక్క నిమిషం ఆగి, తీగ చివరను పరిశీలించవలసిందిగా సహోద్యోగ మిత్రులకు, వారి కుటుంబ సభ్యులకు నా మనవి.