ఫరీదాబాద్‌లో ఆగిన బండి

గత శీతకాలంలో శిక్షణ తరగతుల నిమిత్తం మేము ఫరీదాబాద్ వెళ్ళవలసి వచ్చింది. తరగతులు ముగిసేనాటికి మా శ్రీమతి కూడా వచ్చి చేరింది. బదిలీపై వెళ్ళి అక్కడే స్థిరపడిన మా పూర్వ సహోద్యోగి ఇంట మకాం. ఆయన ఈమధ్య ఒక కారవాన్ కొన్నారు. అందులో మథుర, బృందావనం చూసిరావాలని ఏర్పాటు.

కారవాన్ అనగానే మన తెలుగువారికి సినిమా షూటింగుల వద్ద తారల కోసం నిలిపి ఉంచే బండియే గుర్తుకు వస్తుంది. మిత్రునిది ఆ జాతిదే గాని అంత వైభవం లేనిది. వ్యాను చాసిస్‌పై పడకలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీటి ట్యాంకు అమర్చిన వాహనం. పూణేలోని మొదటి యజమాని వద్ద కొని రెండేళ్ళయింది.

యంత్రం ఎక్కే ముందు దాని నామఫలకం చదవడం వృత్తిరీత్యా మాకు సంక్రమించిన చాదస్తం. ప్రయాణానికి ముందు రాత్రి ఆర్.సి. తీసి, అందులోని 17 అక్షరాల చాసిస్ నంబరును తయారీదారు వెబ్‌సైటులో నమోదు చేశాము. ఆ బండిపై ఒక రీకాల్ పెండింగులో ఉన్నట్లు తేలింది. ముందు చక్రం బ్రేకు గొట్టం, స్టీరింగును పూర్తిగా తిప్పినప్పుడు, లోపలి రేకుకు ఒరుసుకొనే అవకాశం ఉన్నదట. గొట్టాన్ని, దానిని పట్టి ఉంచే బిగింపును ఉచితంగా మార్చి ఇస్తారట.

“మాకు ఉత్తరమేదీ రాలేదే!” అన్నారు మిత్రుడు. వచ్చింది, అయితే పూణేకు. ఆయన ఆర్.సి.లో పేరు మార్పించుకున్నారు గాని కంపెనీ వారి పుస్తకాలలో ఇంకా పాత యజమానే ఉన్నారు. సర్వీసు కూడా వీధి చివరి మెకానిక్ వద్దనే చేయిస్తున్నందున చెప్పేవారు లేకపోయారు.

మిత్రుని సతీమణి, “అన్నయ్యగారూ, ఇన్నాళ్ళూ తిరిగాము, ఏమీ కాలేదు కదా! వెళ్ళివచ్చాక చూపిద్దాము” అన్నారు. ఆమె ఒడిలో ఆరేళ్ళ మనుమరాలు నిద్రపోతున్నది. “వేరే ఏదైనా అయితే సరేననేవాళ్ళమమ్మా, ఇది బ్రేకు” అన్నాము. ఆమె మరి మాట్లాడలేదు.

మర్నాడు బండిని నడపకుండా టోయింగ్ బండిపైనే సర్వీసు కేంద్రానికి చేర్చాము. చక్రం ఊడదీసి చూస్తే గొట్టం పైరబ్బరు అరిగి, లోపలి నేత దారాలు కనబడుతున్నవి. ఇంకెంత కాలం ఆగేదో ఎవరూ చెప్పలేరు. విడిభాగం రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు.

ఆ విధంగా ఫరీదాబాద్‌ను తీరికగా చూసే యోగం కలిగింది. జహంగీరు కోశాధికారి షేక్ ఫరీద్ 1607లో ఈ ఊరిని స్థాపించినది ఢిల్లీ–ఆగ్రా రహదారి రక్షణ కోసమేనని చరిత్ర. బాటసారుల క్షేమం కోసం పుట్టిన ఊరిలో మా బండి ఆగడం సబబుగానే తోచింది. మథురా రోడ్డు మీదుగానే ఇప్పుడు మెట్రో నడుస్తున్నది. 2015లో ఇక్కడికి వచ్చి, 2018లో వల్లభ్‌గఢ్ వరకు సాగింది. దారిలో ఒక స్టేషన్ పేరు ఎన్.హెచ్.పి.సి. చౌక్. ప్రభుత్వరంగ సంస్థ పేరు పెట్టుకున్న స్టేషన్‌ను చూసి మా ఇద్దరికీ ఒకింత గర్వం కలగకపోలేదు. చివరి స్టేషన్ రాజా నాహర్ సింగ్ పేరిట ఉన్నది. 1857 తిరుగుబాటులో పాల్గొన్నందుకు 1858 జనవరి 9న చాందినీ చౌక్‌లో ఉరితీయబడిన వల్లభ్‌గఢ్ రాజు ఆయన.

ఇక్కడ ‘ఎన్.ఐ.టి.’ అంటే మన వరంగల్లులోని కళాశాల వంటిది కాదు, ‘న్యూ ఇండస్ట్రియల్ టౌన్‌షిప్’. దేశవిభజన తరువాత వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుండి వచ్చిన శరణార్థుల కోసం వెలసిన నగరం. సూరజ్‌కుండ్ మెట్లపై కాసేపు కూర్చున్నాము; 10వ శతాబ్దపు తోమర రాజుల నాటి కట్టడమది. 1987 నుండి అక్కడ ఏటా జరిగే హస్తకళల మేళాలో 2016లో తెలంగాణ ప్రధాన రాష్ట్రంగా పాల్గొన్నది.

పాత ఫరీదాబాద్ రైల్వే అండర్‌పాస్ వద్ద మాత్రం మాటలు రాలేదు. 2024 సెప్టెంబరు వర్షాలలో అక్కడి నీటిలో కారు చిక్కుకొని ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు మరణించారు. అది వాహన లోపం వలన జరిగింది కాదు. అయినా మారుతి సంస్థ 2021 సెప్టెంబరులో ప్రకటించిన రీకాల్ మాకు జ్ఞాపకం వచ్చింది. మోటార్ జనరేటర్ యూనిట్‌లో లోపానికి అవకాశమున్నదని 1,81,754 పెట్రోలు వాహనాలను వెనక్కి పిలిచి, భాగం మార్చేవరకు నీరు నిలిచిన దారులలో నడపవద్దని వారు యజమానులను కోరారు. ఆ హెచ్చరిక అందని యజమాని వానాకాలంలో ఇటువంటి అండర్‌పాస్‌లోకి బండిని దించడానికి సందేహించడు కదా!

రీకాల్ అనగానే కంపెనీ పరువు పోయినట్లు భావించడం మనలో ఒక అలవాటు. లోపాన్ని తానే గుర్తించి పిలిచే సంస్థనే మేము ఎక్కువగా నమ్ముతాము. మన దేశంలో 2012 నుండి తయారీదారుల సంఘం స్వచ్ఛంద నియమావళి ఉండేది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110ఎ సెక్షన్ చేరింది. నియమాలు 2021 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాయి. తయారై ఏడేళ్ళు దాటని వాహనాల భద్రతా లోపాలకు ఇవి వర్తిస్తాయి. యజమానులు ప్రభుత్వ ‘వాహన్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చును. నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు వస్తే నిర్బంధ రీకాల్‌కు దారి ఏర్పడుతుంది. జరిమానా 10 లక్షల నుండి కోటి రూపాయల వరకు ఉండవచ్చును. అందుచేత, “మనమొక్కరం చెబితే ఏమవుతుంది?” అనుకోరాదు.

కారవాన్ విషయంలో చిక్కు మరొకటి ఉన్నది. చాసిస్ ఒకరిది, దానిపై ఇల్లు మరొకరిది, ఇంటిలోని ఫ్రిజ్ మూడవవారిది. ఒకరి రీకాల్ మరొకరి వెబ్‌సైటులో కనబడదు. అమెరికాలో 2006లో డొమెటిక్ సంస్థ మోటారు గృహాలలో వాడే తన ఫ్రిజ్‌లను 9 లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. గ్యాస్‌తోనూ విద్యుత్తుతోనూ నడిచే ఆ ఫ్రిజ్‌లలో, వేడెక్కే బాయిలర్ గొట్టానికి కాలక్రమేణా పగులు ఏర్పడితే, లోపలి ద్రావణంతోపాటు మండే వాయువు బయటకు వచ్చే ప్రమాదం ఉన్నది. బాయిలర్ గొట్టాల పగుళ్ళు మన ప్లాంటులో ఎవరికి తెలియవు! పడకకు రెండడుగుల దూరంలో ఆ గొట్టం ఉన్నదన్న సంగతి మాత్రం వాహనం కొన్నవారికి తట్టదు.

అందువలన మిత్రుని చేత ఆ సాయంత్రమే ఒక పుస్తకం తెరిపించాము. చాసిస్ నంబరు, బాడీ కట్టిన వారి చిరునామా, ఫ్రిజ్, పొయ్యి, రెగ్యులేటరు నంబర్లు, ప్రతిదాని తయారీ సంవత్సరం అందులో చేరాయి. గ్యాస్ గొట్టం కలిసే చోట్ల సబ్బునీరు రాసి చూశాము. వంటగ్యాస్ గాలికంటె బరువైనది గనుక నేలమట్టాన గాలిరంధ్రం ఉండాలి. ఉన్నది గాని, పైన తివాచీ పరిచారు! సోదరి వెంటనే తీసివేశారు.

మన ఉద్యోగులలో చాలామంది బదిలీలపై తిరిగేవారే, పాత కారు కొనేవారూ అమ్మేవారూ తక్కువ కాదు. చిరునామా మారితే 30 రోజులలో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని చట్టం చెబుతున్నది. 2021 సెప్టెంబరు నుండి ప్రభుత్వరంగ ఉద్యోగులకు ‘బి.హెచ్.’ శ్రేణి నంబరు పొందే వీలు వచ్చాక రాష్ట్రం మారినప్పుడల్లా నంబరు మార్చే బాధ తప్పింది. అయితే చిరునామాను తయారీదారుకు తెలిపే పని తప్పలేదు. సంవత్సరానికి రెండుసార్లయినా చాసిస్ నంబరుతో విచారించుకోవడం మంచిది. రీకాల్ పని ఉచితం. ఎవరైనా రుసుము అడిగితే వ్రాతపూర్వకంగా కారణం కోరండి. పని పూర్తయినట్లు జాబ్‌కార్డుపై రాయించుకొని ఆర్.సి.తోపాటు భద్రపరచండి, అమ్మేటప్పుడు కొనేవారికి అది కావాలి.

మూడవ రోజు మధ్యాహ్నం విడిభాగం వచ్చింది. గంటన్నర పని. అరిగిన గొట్టాన్ని మేము అడిగినా ఇవ్వలేదు, తయారీదారుకే పంపాలట. మిత్రుడు కౌంటరు వద్ద తన పేరు, ఫోను నంబరు, సెక్టారు చిరునామా నమోదు చేయించుకున్నారు. అక్కడి అమ్మాయి పాత యజమాని పేరు తొలగించి, “ఇంకేమైనా వాహనాలున్నాయా?” అని అడిగింది. ఆయన కొంచెం ఆలోచించి, ఇంట్లో ఉన్న స్కూటరు సంగతి చెప్పారు.

మర్నాడు తెల్లవారకముందే, మంచులో, మథురకు బయలుదేరాము.