ఫలం తెలిసినవాని చూపు

ముగిసిన చదరంగపు ఆటను లిఖితం చూసి మరల ఆడుకోవడం స్వాధ్యాయానికి సమీపమైన సాధన. ఫలితం ముందే తెలుసు. గ్రహించవలసినది మార్గం మాత్రమే.

శ్రీకాకుళంలో సాయంకాలార్చన ముగిసిన పిమ్మట కొంతకాలంగా నేను ఒకే ఆటను బల్లపై పరుస్తున్నాను. 2024 నవంబరు 27న సింగపూర్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ మూడవ ఆట అది. తెల్లపావులతో చెన్నైలో పెరిగిన తెలుగుబిడ్డ దొమ్మరాజు గుకేశ్. నల్లపావులతో నాటి జగజ్జేత, చైనాకు చెందిన డింగ్ లిరెన్. మంత్రి ముందున్న బంటు రెండు గళ్ళు కదలడంతో ఆట ఆరంభం.

వేదాధ్యయనంలో నేర్చిన క్రమపాఠ పద్ధతినే ఇక్కడా పాటిస్తాను. క్రమంలో మొదటి పదాన్ని రెండవదానితో, రెండవదాన్ని మూడవదానితో కలిపి వల్లిస్తాం. అట్లే తెల్ల ఎత్తును నల్ల ఎత్తుతో, ఆ నల్ల ఎత్తును తరువాతి తెల్ల ఎత్తుతో జతపరుస్తాను. అప్పుడు ఏ ఎత్తూ ఏకాకి కాదని, ప్రతిదీ ఒకదానికి ఫలమై మరొకదానికి బీజమవుతోందని తేటపడుతుంది.

తొమ్మిది, పది ఎత్తులలో మంత్రులు రెండూ తొలగాయి. వెంటనే డింగ్ తన శకటాన్ని ప్రత్యర్థి శిబిరంలోకి, సి2 గడిలోకి పంపాడు. కొన్ని ఎత్తుల అనంతరం దానికి తిరుగుదారి మూసుకుపోయింది. తొలి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి 120 నిమిషాలు. 37వ ఎత్తు వద్ద డింగ్ గడియారంలో కాలం నిండుకుంది.

ఫలం తెలిసిన నాకు ఆ పదవ ఎత్తే అనర్థమూలంగా తోస్తుంది. కానీ శకటం అక్కడ నిలిచిన క్షణాన దాని పతనం నిశ్చయం కాలేదు. తరువాతి ఎత్తులు వేరైతే గతి వేరు.

ఆలయానికి వచ్చే ఆర్తులలో ఒక తండ్రి ఉన్నారు. "ఆ పొద్దు గుంటడిని బండి మీద పంపకపోతే బతికుండీవోడు కదా పంతులుగారూ" అని ప్రతి ఆదివారం అడుగుతారు. ప్రారబ్ధమని చెప్పి పంపివేయడం సులభం. ఆ మాట ఆయనను ఊరడించదు. ఇప్పుడు ఇట్లా చెబుతున్నాను: "బాబూ, మీరు ముగిసిన ఆటను చూస్తున్నారు. ఆనాడు పంపిన చేతికి ఈ ముగింపు తెలియదు. తెలియనిదాని దోషం ఆ చేతికి అంటదు." ఆయన మారు పలకలేదు, తీర్థం పుచ్చుకుని చాలాసేపు మండపంలో కూర్చున్నారు.

సాధకులారా, గతాన్ని విచారించండి. విచారణ వివేకానికి మార్గం. కానీ నేటి జ్ఞానంతో నాటి మనిషికి శిక్ష విధించకండి. కర్తకు అధికారం ఎదుటనున్న ఎత్తు మీదనే. కిరీటం చివరకు గుకేశ్‌నే వరించినా, డింగ్ ఈ ఓటమి వద్ద ఆగిపోలేదు. పన్నెండవ ఆటలో గెలిచి 6–6తో సమంగా నిలిచాడు.

స్వస్తి.